‘అతుకుల బొంత’ అనే తిట్టును గురించి

మన విమర్శకులకు కొన్ని మాటలు ఎప్పుడూ చేతికందేటట్టు వుంటాయి. నవలలో ఘట్టానికీ ఘట్టానికీ పొందిక కుదరకపోతే ‘అతుకుల బొంత’ అంటాము. స్త్రీలు రాసిన కథలో పొయ్యీ పోపూ కాస్త ఎక్కువ కనబడితే ‘వంటింటి సాహిత్యం’ అంటాము. వస్తువు చిన్నదనిపిస్తే ‘పెరటి గోడ దాటని రచన’ అంటాము. పాత్ర ఏ దేవతకో మొక్కుకుంటే ‘మూఢవిశ్వాసం’ అని ఒక్క మాటతో తేల్చి పారేస్తాము. ఇరవై యేళ్ళుగా పాఠం చెబుతూ, సభల్లో మాట్లాడుతూ ఈ మాటలను నేనూ ధారాళంగా ఖర్చుపెట్టినవాణ్ణే. రెండేళ్ళ కిందట ఈ నాలుగింటినీ ఒకే కథ మీద, ఒకే కాగితం మీద రాశాను. ఆ కథను గురించీ ఆ కాగితాన్ని గురించీ ఇప్పుడు చెప్పక తప్పదు.

కథ రాసింది నా దగ్గర డిగ్రీ చదువుకున్న అమ్మాయి. కేసముద్రం దగ్గరి ఒక పల్లె వాళ్ళది. కథ ఇంకా అచ్చు కాలేదు గనక పేరు చెప్పను. కేసముద్రం తెలియని పాఠకులుంటే వారి కోసం ఒక్క మాట: ఖాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గం మీద వచ్చే వూరు అది. పెద్ద మార్కెట్ యార్డు వున్నది. 2016 దాకా వరంగల్లు జిల్లా, ఆ తరువాత మహబూబాబాద్ జిల్లా. చుట్టూ పత్తి, మక్క, మిరప పండించే వూళ్ళు. మధ్య మధ్య లంబాడీ తండాలు.

కథలో జరిగేది చాలా తక్కువ. పెద్ద బిడ్డ పురిటికి పుట్టింటికి రాబోతున్నది. రాబోయే పసిగుడ్డు కోసం తల్లి బొంత కుట్టడానికి కూచుంటుంది. పెట్టె అడుగు నుంచి పాత చీరలు తీస్తుంది. ఒకటి తన తల్లి కట్టి విడిచినది. ఒకటి పత్తి చేను పురుగు తిన్న యేడు అప్పు మీద కొన్నది. ఒకటి మిరప ఏరబోయిన చోట ముల్లుకు తగిలి చినిగినది. కుడుతూ మధ్యలో లేచి గట్క వండుతుంది, పెరట్లోకి పోయి రెండు బీరకాయలు తెంపుకొస్తుంది, బిడ్డ సుఖంగా నీళ్ళాడితే నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కుకుంటుంది. పొద్దు గూకుతుంది. బొంత సగంలోనే వుంటుంది. కథ అంతే.

కథ చివర ఎర్ర సిరాతో నేను రాసింది ఇది: కథనం అతుకుల బొంతలా వున్నది, వంటింటి వివరాలు తగ్గించాలి, సామాజిక చైతన్యం లోపించింది, మొక్కు ఘట్టం మూఢవిశ్వాసాన్ని సమర్థించేదిగా వున్నది, ‘తొక్కు’, ‘సల్ల’ వంటి మాటలకు బదులు అందరికీ తెలిసిన మాటలు వాడాలి. ఆ అమ్మాయి కాగితం తీసుకుని ‘సరే సార్’ అన్నది. ఆ తరువాత ఏడాదిన్నర దాకా నాకు ఏ కథా చూపలేదు. చదువు వొత్తిడి అనుకున్నాను. అనుకోవడం తేలిక.

పోయినేడు వాళ్ళ అక్క కొడుకు తొట్టెల వేడుకకు పిలిస్తే వెళ్ళాను. ఇంటి ముందు గచ్చు మీద ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూచుని బొంత కుడుతున్నారు. ఒకామె ఆ అమ్మాయి తల్లి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పక్కనే మంచం వాల్చారు. అరగంట సేపు నాకు మరో పని లేకపోయింది. బొంత ఎట్లా తయారవుతుందో నా యాభయ్యో యేట, సాహిత్యంలో శిల్పాన్ని గురించి లెక్కలేనన్ని ఉపన్యాసాలిచ్చిన తరువాత, మొదటిసారి చూశాను.

అడుగున గట్టిదనం వున్న చీర పరుస్తారు. దాని మీద నాలుగైదు పొరలు బాగా అరిగినవి. చినిగిన చోటు మీద చినిగిన చోటు పడకుండా పొరలు తిప్పి వేస్తారు. ఒకదాని బలహీనతను ఇంకొకదాని బలం కాయాలి గదా. పైన కంటికి ఇంపైన చీర. మూలల మీద రాళ్ళో చెంబులో పెట్టి ముడతలు సాపు చేస్తారు. ముందు పెద్ద పెద్ద కుట్లతో పొరలను కదలకుండా నిలుపుతారు. ఆ పైన అంచు నుంచి వరసగా, వేలెడు ఎడంతో, సన్న కుట్టు. ఒక పొర జారితే బొంత మొత్తం వుండలు కడుతుంది. రవికె అంచులు చించి చుట్టూ పట్టీ వేస్తారు. ఇదంతా కళ్ళతో కొలిచే పని. కాగితం లేదు, కొలబద్ద లేదు.

కొత్త బట్టతో కుట్టరాదా అని అడిగాను. ఆమె నవ్వింది. ‘‘మెత్తగైనంకనే గద సారూ బొంతకు పనికొచ్చేది. కొత్త బట్ట పెడితే పిల్లగానికి గీసుకపోతది’’ అన్నది. పక్కనున్నామె అందుకుని, ‘‘గిప్పటి పాలిస్టరు చీరెలు పైకే సారూ. లోపటికి నూలుదే వుండాలె, లేకుంటే తడి గుంజదు’’ అన్నది.

పొందిక లేని రచనకు మనం పెట్టిన పేరు వీళ్ళ దృష్టిలో అత్యంత పొందిక కలిగిన వస్తువు పేరు. అతుకు పడటం లోపమనుకున్నది మనం. ఏ అతుకు ఎక్కడ పడాలో తెలియడమే వాళ్ళ విద్య. ఒక శ్రమను ఎన్నడూ చేయనివాడు, చేసేవాళ్ళను దగ్గరగా చూడనివాడు మాత్రమే ఆ పని పేరును తిట్టుగా వాడగలడు. ‘చాకిరేవు’, ‘మంగలి పని’ వంటి మాటలు తిట్లయినది కూడా ఈ దారినే. ఆ మాటల్లోని కుల దురహంకారాన్ని మనం గుర్తించి, కనీసం సభల్లో విడిచిపెట్టాము. బొంత మాత్రం ఎవరి కంటా పడలేదు.

ఎందుకు పడలేదు? నాకు తోచిన కారణం అర్థశాస్త్రంలో వున్నది. వరంగల్లు జంపఖానా అమ్ముడుపోయే సరుకు. 1851లో లండను మహా ప్రదర్శనలో వరంగల్లు తివాచీలు పెట్టారు. 2018లో వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఆ నేతగాళ్ళకు రావలసిందే. బొంత సంగతి వేరు. ఏ ఇంటి పాత చీరలతో కుట్టిన బొంత ఆ ఇంట్లోనే అరిగి ముగిసిపోతుంది. దానికి వుపయోగపు విలువ వున్నది గాని మారకపు విలువ లేదు. మారకపు విలువ లేనిదాన్ని బజారు లెక్కపెట్టదు, అందులో వింతలేదు. బజారును తప్పుపట్టే మనమూ లెక్కపెట్టకపోవడం వింత. మరొకటి కూడా చూడండి. ఈ ప్రాంతం పత్తి పండించే ప్రాంతం. 1997-98లో వరంగల్లు జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వినబడ్డాయి. పత్తి బస్తాలు మార్కెట్‌కు పోతాయి. పండించిన ఇంట్లో దూది పరుపు వుండదు, చినిగిన చీరల బొంత వుంటుంది. ఆ కథలో ‘పురుగు తిన్న యేడు అప్పు మీద కొన్న చీర’ అన్న వాక్యంలో ఇదంతా వున్నది. నేను దాని పక్కన సామాజిక చైతన్యం లేదని రాశాను.

1936లో లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, అందాన్ని కొలిచే కొలబద్ద మారాలన్నాడు. ఆ మాటను మనం ప్రతి మహాసభలోనూ తలుచుకుంటాము. ఆ వుపన్యాసంలోనే ఆయన ఒక పేద స్త్రీని చూపిస్తాడు: పసిబిడ్డను పొలం గట్టు మీద పడుకోబెట్టి చెమటోడుస్తున్న స్త్రీని. గొప్ప చూపు అది. అందులో సందేహం లేదు. అయినా గమనించండి, ఆమె కనబడింది పొలంలో. పొద్దు గూకి ఆమె ఇల్లు చేరిన తరువాత ఏం చేసిందో, బిడ్డ కింద పరిచిన గుడ్డ ఎవరు కుట్టారో ఆ వాక్యంలో లేదు. మన అభ్యుదయ సాహిత్యం చాలాకాలం ఆ గట్టు దగ్గరే ఆగింది. పొలంలో శ్రమ, కర్మాగారంలో శ్రమ. గుమ్మం దాటి లోపలికి పోతే అది శ్రమ కాక ‘కుటుంబ జీవితం’ అవుతుంది. ఉత్పత్తి రెండు విధాలనీ, బతకడానికి కావలసిన వస్తువుల ఉత్పత్తి ఒకటైతే మనుషులనే పుట్టించి పెంచడం రెండోదనీ ఎంగెల్స్ 1884లోనే రాశాడు. ఆ పుస్తకాన్ని మనం కుటుంబ చరిత్ర కోసం చదివాము, కథలను అంచనా కట్టడానికి వాడలేదు.

నా మాటకు ఎదురు చెప్పేవారు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవలను చూపవచ్చు. ఆయన పుట్టిన చినగూడూరు కూడా ఈ మహబూబాబాద్ ప్రాంతపు వూరే. ఆ నవల గడీలో వెట్టిని, ఆడబాపల బతుకును కళ్ళకు కట్టింది. గడీ గోడల లోపల జరిగే ఇంటిచాకిరీని దోపిడీగా చూపిన నవల అది. నిజమే. నేననేది కూడా అదే: వంట దొర ఇంట్లో చేస్తే మనకు దోపిడీ కనబడింది. ఆ మనిషే తన గుడిసెలో తన వాళ్ళకు వండితే ఏమీ కనబడలేదు. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించింది. 1951లో పోరాట విరమణ తరువాత తమకు మళ్ళీ ఇంటిదారే చూపించారన్న బాధ ఆ కథనాల్లో వినబడుతుంది. ఆ పుస్తకం పేరులోనే ‘మనకు తెలియని’ అన్న మాట వున్నది. తెలియకపోవడానికి మన విమర్శ పదజాలం కూడా కొంత కారణమని నా అనుమానం.

బొంత మీద సాహిత్యం పుట్టదా అంటే, బెంగాలులో పుట్టింది. జసీముద్దీన్ 1929లో ‘నక్షీ కాంథార్ మాఠ్’ అనే కథాకావ్యం రాశాడు. అందులో భర్తకు దూరమైన పల్లెటూరి స్త్రీ తన బతుకంతా బొంత మీద కుట్టుకుంటుంది. అది బెంగాలీ పల్లెల్లో ఎంత ప్రియమైన కావ్యమో అక్కడి మిత్రులను అడిగితే చెబుతారు. మనకు కంథ అనే సంస్కృత పదం తెలుసు, సన్యాసి భుజాన వేసుకునేది అని; దాన్ని కుట్టే ఆడమనిషి మన కావ్యాలలో నాకు కనబడలేదు.

వంటిల్లు దగ్గర విషయం ఇంత తేలిక కాదు. విమల ‘వంటిల్లు’ కవిత మనలో చాలామందికి గుర్తుంటుంది. చిన్ననాటి వాసనల తలపుతో మొదలై, ఆ గది ఆడదానికి చెరగా ఎట్లా మారిందో చూపి, వంటిళ్ళనే కూలగొట్టమనే దాకా వెళుతుంది ఆ కవిత. ఆ కోపం న్యాయమైనది. వంటిల్లు పవిత్రమని పాడే పాటలు మగవాళ్ళకు లాభసాటి. పైగా మన పల్లెల్లో వంట అంటే కులం కూడా. ఎవరి నీళ్ళు ఎవరు తాగుతారు, ఎవరి కడి ఎవరు ముడతారు అన్నది పొయ్యి దగ్గరే తేలుతుంది. అందుకని వంటింటి వర్ణన వున్నంత మాత్రాన కథ అభ్యుదయ కథ కాబోదు. కాని ఆ అమ్మాయి కథలో వంట వర్ణన కాదు, లెక్క. రెండు పిడికెళ్ళ మక్క రవ్వ, కూలికి పోయిన భర్తకు సగం, పచ్చిపులుసులో చింతపండు కొంచెమే, నూనె చుక్క లేదు. తల్లి చివర అడుగంటినది గీకి తింటుంది. ఎవరెంత తిన్నారన్నది మూడు వాక్యాల్లో తేలిపోయింది. ఒక కుటుంబపు ఆదాయ వ్యయ పట్టికను ఇంతకన్న స్పష్టంగా ఏ సర్వే రాస్తుంది? నేను తగ్గించమన్నది ఆ మూడు వాక్యాలనే.

భాష సంగతి చెప్పడానికి సిగ్గవుతున్నది. తొక్కును పచ్చడి చెయ్యమన్నాను, సల్లను మజ్జిగ చెయ్యమన్నాను. ‘అంబటాళ్లయింది’ అన్న మాటను కొట్టి ‘ఉదయం తొమ్మిదయింది’ అని దిద్దాను. పొద్దును అంబలితో కొలిచే ఇంట్లో గడియారం పెట్టాను. కాళోజీ పుట్టినరోజును 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజున నేనే వేదిక మీద మాండలికపు గొప్పదనాన్ని గురించి మాట్లాడాను. మాట్లాడటం వేరు, దిద్దడం వేరు.

పెరడును గురించి ఎక్కువ చెప్పను. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనవాళ్ళు అనుభవంతో అన్నది, నిజంగా పనికిరాదని కాదు, దగ్గరున్నదాన్ని లెక్కచేయని మనిషి బుద్ధిని ఎత్తిపొడవడానికి. ఆ ఇంటి వెనక సెంటో అరసెంటో జాగా. బీరపాదు, చిక్కుడు పందిరి, నాలుగు పుంటికూర మొక్కలు, బంతి. కూలి దొరకని రోజుల్లో కూర అక్కడి నుంచే. వాళ్ళ తండ్రికి సాగు భూమి కౌలుదే. కౌలుకు లోబడని జాగా ఇంటి వెనకది ఒక్కటే. ఈ వాక్యం కథలో లేదు. వుండాల్సింది.

ఇక మొక్కు. ఇక్కడ నా పాత అభిప్రాయాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్స్ 1844 నాటి వ్యాసంలో, అదే చోట, దాన్ని పీడితుల నిట్టూర్పుగా కూడా గుర్తించాడని మనకందరికీ తెలుసు. తెలిసినా మొదటి సగమే వాడుతాము. మేడారంలో విగ్రహం లేదు. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణెను తెచ్చి గద్దె మీద నిలుపుతారు. అక్కడ బంగారమంటే బెల్లం. మనిషెత్తు బెల్లం తూచి ఇస్తారు. రాజుతో తలపడిన ఆదివాసీ ఆడవాళ్ళను జనం దేవతలుగా చేసుకుని, వంటింటి దినుసును బంగారమని పిలుచుకున్నారు. దీన్ని మూఢవిశ్వాసమని మాత్రమే చదివేవాడు సగమే చదివినట్టు. బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్లు చూడండి: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు, సద్దులు. పండుగ పంచాంగమే వంట జాబితా. పేర్చే పూలు గుడితోట పూలు కావు. తంగేడు బీళ్ళలో పూసేది, గునుగు చేలల్లో కలుపుగా మొలిచేది. కలుపుమందు వాడకం పెరిగిన చేలల్లో గునుగు పలచబడిందని అక్కడి ఆడవాళ్ళు నాతో అన్నారు. తండాల్లో తీజ్ పండుగకు పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకెత్తిస్తారు. సేద్యం, వంట, భక్తి వేరు వేరు గదులని విడదీసింది చదువుకున్న మనమే.

ఈ సంప్రదాయం ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు పదమూడో శతాబ్దంలో ‘బసవపురాణం’ రాస్తూ కుమ్మరి గుండయ్యను, మడివాలు మాచయ్యను భక్తులుగా నిలబెట్టాడు. బెజ్జమహాదేవి కథ మరీ చిత్రమైనది. శివుడికి తల్లి లేదే అని జాలిపడి ఆమె తానే తల్లి అవుతుంది. నీళ్ళు పోస్తుంది, నూనె రాస్తుంది, పాలు పడుతుంది. పూజ అంటే ఆమెకు పిల్లవాణ్ణి పెంచే పని. ఆ పాలకుర్తిలోనే 1940లలో చిట్యాల అయిలమ్మ విసునూరు దేశముఖ్‌ను ఎదిరించి తన పంటను నిలుపుకున్నది. ఈ రెండు పేర్లనూ ఒకే వాక్యంలో పెట్టడం కొందరు మిత్రులకు రుచించకపోవచ్చు. వాళ్ళిద్దరూ నాకు ఒకే వూరి నుంచి దొరికారు.

అయితే మొక్కుకు ఖర్చు వుంటుంది. అరవై కిలోల బెల్లం, బస్సు కిరాయి, కోడి. అప్పు ఎవరిస్తారు, వడ్డీ ఎంత? కథలో తల్లి మొక్కుకోవడం వున్నది, మొక్కు చెల్లించడం లేదు. విశ్వాసాన్ని సమర్థించిందని నేను పెట్టిన తప్పు తప్పే. దాని వెల చూపలేదన్నది నిజమైన లోపం. అట్లాగే బొంతను గురించి చివరి పేరాలో రచయిత్రి కొంచెం మురిసింది. ‘అమ్మ ప్రేమంతా ఆ కుట్లలో వున్నది’ అన్న ధోరణిలో రెండు వాక్యాలు రాసింది. బొంత ప్రేమతో కుట్టినదే, కాదనను. దుప్పటి కొనలేక కుట్టినది కూడా. ఆ మాట దాస్తే బొంత బొమ్మల కొలువులో వస్తువవుతుంది. పట్నాల్లో ఇప్పుడు అతుకుల దుప్పట్లు కొత్త బట్టను ముక్కలు కోసి మరీ కుట్టి అమ్ముతున్నారు గదా. ఆ మురిపెం మనకెందుకు?

పోయిన నెల ఆ అమ్మాయిని పిలిచి పాత కాగితం తిరిగి అడిగాను. భద్రంగానే దాచింది. నా రాతలు కొట్టేసి, కింద ఈ రెండు లోపాలే రాసి ఇచ్చాను. ‘అంబటాళ్ల’ను అంబటాళ్లగానే వుంచమన్నాను. ఆమె చదివి, మొదటిదానికి ఒప్పుకున్నది. మేడారం అప్పు సంగతి రాస్తానన్నది. రెండోదానికి ఒప్పుకోలేదు. ‘‘మీరు మా అమ్మ కుట్టేటప్పుడు అర్ధగంటే చూసిన్రు సార్. నేను చిన్నప్పటి సంది దాని మీద పండుకున్న. ఆ రెండు వాక్యాలు తీసెయ్య’’ అన్నది. ఇంకా వాదించుకుంటూనే వున్నాము.